రాజీ యనంతరము వంతుల వివాదము

ఒక బస్సును ఒక లారియు ఢీకొన్నపుడు గాయపడిన ప్రయాణికుడు పరిహారమునకై ఇరుపక్షములపైనను వ్యాజ్యము తేవచ్చును. కాదేని ఒక్కరిపైననే తెచ్చి, మొత్తమును ఆ యొక్కనివద్దనే రాబట్టుకొనవచ్చును. ఈ రెండవ మార్గమును న్యాయస్థానములు బాధితునకు తెరచియుంచుటలో గల ధర్మము సులభముగనే బోధపడును. ఎవని తప్పు ఎంత యను లెక్క తేలువరకు ఆసుపత్రి మంచముపై నున్నవాడు వేచియుండవలసిన పని లేదు. కాని ఆ సొమ్మునంతయు చెల్లించినవాడు, అందునను న్యాయాధిపతి తీర్పునకు లోబడి గాక వ్యాజ్యము నడుమ రాజీపడి చెల్లించినవాడు, తరువాత రెండవవానివైపు తిరిగి తన సొమ్ములో కొంత యిమ్మని యడిగినచో, 'నిన్ను చెల్లింపుమన్న దెవరు? నీకు తప్పున్నచో నీవిచ్చితివి. తప్పు లేనిచో నీ యౌదార్యమునకు నేనేల బాధ్యుడను?' అని వచ్చు ప్రత్యుత్తరమును ఖండించుట అంత సులభము కాదు. రెండు శతాబ్దములకు పైగా ఆంగ్లభాషా న్యాయవ్యవస్థలన్నియు ఈ ప్రత్యుత్తరముతో పెనగులాడుచునే యున్నవి. మన దేశమున ఈ పెనగులాట ఇంకను ముగియలేదు. సరిగా మొదలైన దనుటకును సందేహింపవలసియున్నది.

ఈ ప్రశ్నలో రెండు వేర్వేరు హక్కులు ఇమిడియున్నవి. ఇరువురును అజాగ్రత్తపరులై, ఒకడు తన పాలునకు మించి చెల్లించి, ఆ మించిన భాగమును రెండవవానినుండి కోరుట మొదటిది. దీనిని వంతు కోరుట యందము. చెల్లించినవాడు చట్టరీత్యా బాధ్యుడే యైనను, వాస్తవమున భారమంతయు రెండవవానిపై నుండదగినదై, మొత్తమునకు మొత్తము తిరిగి కోరుట రెండవది, ఇది నష్టపూర్తి. పనివాని తప్పునకు యజమానియు, అమ్మించినవాని మోసమునకు అమ్మిన మధ్యవర్తియు చెల్లించునపుడు ఈ రెండవ హక్కు పుట్టును. కొన్నియెడల ఒప్పందమువలనను పుట్టును. న్యాయశాస్త్రము మొదటి హక్కుపట్ల చిరకాలము కఠినముగను, రెండవదానిపట్ల మొదటినుండియు ఉదారముగను వర్తించినది.

ఆ కాఠిన్యమునకు మూలము 1799లో ఇంగ్లండున జరిగిన మెర్రీవెదర్ వర్సెస్ నిక్సన్ అను వ్యాజ్యము. ఒక మిల్లునకును, దాని యంత్రసామగ్రికిని కలిగిన నష్టమునకై ఇరువురిపై డిక్రీ పొందిన యజమాని 840 పౌనుల మొత్తమును ఒక్కనివద్దనే వసూలు చేసికొనెను. ఆ యొక్కడు సగము వంతునకై రెండవవానిపై వ్యాజ్యము తేగా, ప్రధాన న్యాయమూర్తి లార్డు కెన్యన్, అపకృత్యకారుల నడుమ వంతుల వ్యాజ్యము చెల్లదని త్రోసిపుచ్చెను. దోషి న్యాయస్థానపు గుమ్మ మెక్కి తన దోషమునే ఆధారముగా చూపి సొమ్మడుగరాదనునది ఈ సిద్ధాంతమునకు చెప్పబడు సమర్థన. వినుటకు గంభీరముగ నున్నను, దీని ఫలిత మేమి? ఇరువురు దోషులలో ఎవడు భారము మోయవలెనో నిర్ణయించువాడు న్యాయాధిపతి గాక, వ్యాజ్యము తెచ్చిన వాది యయ్యెను. వాది కెవనిపై కోపమున్న వాడు మునిగెను, ఎవనిపై దయ యున్న వాడు తేలెను. దొంగలు సొత్తు పంచుకొనునపుడు కలిగిన తగవును తీర్చుటకు న్యాయస్థానము నిరాకరించుట సబబే. కాని వీధి మలుపున బ్రేకు వేయుటకు ఒక క్షణము ఆలస్యము చేసిన వాహనచోదకుని ఆ దొంగల సరసను నిలిపి, ఒకే సూత్రముతో తూచుట విచక్షణ లేమియే యగును.

కెన్యన్ సైతము ఒక ద్వారమును మూయక విడిచెను. స్వతః అక్రమము కాని పనికై ఒకడు మరియొకని నియమించిన సందర్భములకు తన తీర్పు వర్తింపదని యాతడు స్పష్టముగ చెప్పియున్నాడు. 1827 నాటి ఆడమ్సన్ వర్సెస్ జార్విస్ వ్యాజ్యమున ఆ ద్వారముననే ఒక వేలంపాటదారుడు లోనికి వచ్చెను. ఒకడు తనదని చెప్పిన సరకును అతడు సద్బుద్ధితో విక్రయించి, అసలు యజమానికి పరిహార మిచ్చుకొనవలసివచ్చి, తన్ను నియమించినవానినుండి మొత్తమును తిరిగి పొందెను. మన భారత కాంట్రాక్టు చట్టము 1872లో రూపొందినపుడు ఈ కథయే దాదాపు యథాతథముగ 223వ సెక్షనునకు ఉదాహరణమై చేరినది. దాని వెంటనే యున్న 224వ సెక్షను, మరియొకని కొట్టుటకు కూలికి కుదిరినవానికి అట్టి రక్షణ లేదని చెప్పుచున్నది. పొరపాటునకును నేరమునకును నడుమ గీయవలసిన గీత ఈ రెండు సెక్షనులలో చక్కగ గీయబడినది. ఆ గీతనే వంతుల విషయమునను గీచియున్న, నూరేండ్ల కాలహరణము తప్పియుండెడిది.

1894లో స్కాట్లండునుండి వచ్చిన ఒక అప్పీలున ప్రభువుల సభ ఈ సూత్రమును ఆ దేశమునకు వర్తింపజేయ నిరాకరించినది. ఇతర దేశముల న్యాయమునకు దీనిని విస్తరించుటకు తగిన న్యాయముగాని, సమతగాని, ప్రజాప్రయోజనముగాని ఇందు కానరాదని లార్డు హెర్షెల్ అభిప్రాయపడెను. అయినను ఇంగ్లండున దీనిని తొలగించుటకు 1935 నాటి శాసనము కావలసివచ్చెను. వివాహిత స్త్రీల ఆస్తి బాధ్యతలతోపాటు అపకృత్యకారుల విషయమును ఒకే శాసనమున కట్టివైచిన ఆ పార్లమెంటు పద్ధతి కొంత వింతగ దోచినను, దాని 6వ సెక్షను మెర్రీవెదర్ సూత్రమును సమూలముగ పెకలించినది.

రాజీ సమస్య తన నిజస్వరూపమును చూపిన దప్పుడే. 1935 శాసనము వంతు హక్కును 'బాధ్యుడైన' అపకృత్యకారునికే యిచ్చెను. రాజీపడువాడు చేయు పనియో, బాధ్యత నొప్పుకొనకయే సొమ్మిచ్చుట. రాజీపత్రములలో నూటికి తొంబదింట 'బాధ్యత నంగీకరింపకయే' అను మాట యుండనే యుండును. అట్టివాడు వంతు కోరవచ్చునా? 1971లో స్టాట్ వర్సెస్ వెస్ట్ యార్క్‌షైర్ రోడ్ కార్ కంపెనీ అను వ్యాజ్యమున అప్పీలు న్యాయస్థానము కోరవచ్చుననియే చెప్పినది. ఒక మోటారు సైకిలు చోదకునితో రాజీపడిన బస్సు కంపెనీ, ఒక బేకరీ సంస్థనుండి వంతు కోరిన సందర్భ మది. కాని ఆ బస్సు కంపెనీ తన తప్పును తానే ఋజువు చేసికొనవలెను! నిన్నటివరకు బాధితుని యెదుట తనకు తప్పు లేదని వాదించినవాడు, నేడు రెండవవాని యెదుట తన తప్పును సాక్ష్యములతో స్థాపింపవలసివచ్చుటయు, ఆ రెండవవాడు నీయందు దోషము లేదని వీనిని నిర్దోషిగ నిలువబెట్టుటకు పాటుపడుటయు, నాటకరంగమున నవ్వు పుట్టింపవచ్చును గాని న్యాయస్థానమునకు శోభ గాదు.

ఈ వైపరీత్యమును తొలగించినది 1978 నాటి సివిల్ బాధ్యతల వంతుల శాసనము. సద్బుద్ధితో రాజీపడి సొమ్ము చెల్లించినవాడు, లేక చెల్లించుట కొడంబడినవాడు, తాను నిజముగ బాధ్యుడా కాదా యను విచారణతో పనిలేకయే వంతు కోరవచ్చునని దాని 1వ సెక్షను నాలుగవ ఉపవిభాగము చెప్పుచున్నది. ఒక్కటే నియమము: బాధితుడు తనపై ఆరోపించిన వాస్తవములు ఋజువైయున్న యెడల తాను చట్టరీత్యా బాధ్యుడై యుండవలెను. అనగా వాస్తవములనుగూర్చిన సందేహముచే రాజీపడినవానికి రక్షణ కలదు. ఏ వాస్తవము ఋజువైనను చట్టమున నిలువని అభియోగమునకు భయపడి సొమ్మిచ్చినవానికి లేదు. ఈ భేదము ఎంతయు యుక్తముగ నున్నది. వాస్తవములు సాక్షుల నోట మారుచుండును, వానికి జడియుట వివేకము. చట్టము మాత్రము వకీలు నడిగి తెలిసికొనదగినది. వంతు ఎంత యనుదానిని ఆయా పక్షముల బాధ్యతా పరిమాణమునుబట్టి న్యాయస్థానము సమంజసముగ నిర్ణయించును. అవసరమైనచో సున్నగను, పూర్తి మొత్తముగను నిర్ణయించు నధికారము కూడ దానికి కలదు. గడువు రాజీ కుదిరిన నాటినుండి రెండేండ్లు.

రాజీసొమ్ము ఎక్కువైనదని రెండవవాడు చేయు ఆక్షేపణకు సమాధానము ఇంతకు పూర్వమే దొరకినది. 1951 నాటి బిగ్గిన్ వర్సెస్ పెర్మనైట్ వ్యాజ్యమున, నాసిరకపు జిగురుపదార్థమునుగూర్చి డచ్చి ప్రభుత్వముతో రాజీపడి సొమ్మిచ్చిన వ్యాపారి, ఆ మొత్తమును సరకు నమ్మినవానినుండి కోరగా, రాజీ సమంజసమైనదని ఋజువైనచో దానిని నష్టమునకు కొలతగ గ్రహింపవచ్చునని అప్పీలు న్యాయస్థానము పలికినది. అది ఒప్పందపు వ్యాజ్యమైనను, అందలి యుక్తి అపకృత్యములకును సరిపోవును. రాజీని మెచ్చుకొనుచు దానిలోని ప్రతి రూపాయిని తిరిగి ఋజువు చేయుమనుట, రాజీని నిషేధించుటతో సమానము.

అమెరికాలో ఒక్కొక్క రాష్ట్ర మొక్కొక్క దారి పట్టినది. 1955లో సవరింపబడిన ఏకరూప శాసనపు నమూనా, రాజీపడినవాడు తన రాజీవలన రెండవవాని బాధ్యతను గూడ తొలగించియుండిననే వంతు కోరవచ్చుననియు, సమంజసమైన మొత్తమునకు మించినదానిని కోరరాదనియు, సొమ్ము చెల్లించిన యేడాదిలోగా వ్యాజ్యము తేవలెననియు విధించినది. మొదటి నియమము నాకు మిక్కిలి న్యాయముగ దోచును. తన తల కాపాడుకొనుటకు మాత్రమే సొమ్మిచ్చి, బాధితుని రెండవవానిపైకి వదలినవాడు, పిమ్మట ఆ రెండవవానినే సాయమడుగుట తగదు గదా!

న్యూయార్కు కథ ఇంతకంటె విచిత్రమైనది. 1972లో డోల్ వర్సెస్ డౌ కెమికల్ వ్యాజ్యమున, విషవాయువు పట్టించిన ధాన్యపు గాదెను శుభ్రము చేయుచు మరణించిన పనివాని విషయమై, తప్పు ఎవరి దెంతయో అంత భారము వారిపై పడవలెనని ఆ రాష్ట్రపు అత్యున్నత న్యాయస్థానము తీర్పు చెప్పినది. రెండేండ్లకే శాసనసభ, రాజీపడినవాడు ఇతరులకు వంతు నియ్య నక్కరలేదు, ఇతరులనుండి కోరను రాదు అని శాసించెను. రాజీ యనగా ఉభయతః బంధవిమోచన మన్నమాట. అక్కడి వకీళ్లు వెంటనే నష్టపూర్తి యను పాతద్వారమును వెదకుకొనిరి. ఏలయన ఆ నిషేధము వంతునకే గాని నష్టపూర్తికి వర్తింపదు. ఒక హక్కును మూసినచో దాని ప్రక్కనున్న హక్కు వాచుట న్యాయచరిత్రలో మామూలే.

సముద్రన్యాయమున 1994లో అమెరికా సుప్రీముకోర్టు ఇచ్చిన మెక్‌డెర్మాట్ వర్సెస్ ఆంక్లైడ్ తీర్పు వంతుల ప్రశ్ననే లేకుండ జేయు మూడవ మార్గమును చూపినది. మెక్సికో అఖాతమున ఒక చమురు వేదిక భాగమును ఎత్తుచుండగా క్రేను కొక్కెము విఫలమై నష్టము కలిగినది. గొలుసుల సరఫరాకు సంబంధించిన ప్రతివాదులు పది లక్షల డాలర్లకు రాజీపడిరి. మొత్తము నష్టము 21 లక్షల డాలర్లనియు, అందు కొక్కెము చేసిన సంస్థ తప్పు నూటికి 38 పాళ్లనియు జూరీ తేల్చెను. రాజీపడినవారు ఎంత యిచ్చిరను దానితో నిమిత్తము లేక, కొక్కెపు సంస్థ తన 38 పాళ్లను, అనగా 7,98,000 డాలర్లను, చెల్లింపవలసినదే యని న్యాయస్థానము ఏకగ్రీవముగ నిర్ణయించెను. ఎవని పాలు వాడే యిచ్చినపుడు ఎవడు నెవని నడుగు పనియుండదు. లెక్క మనోహరముగ నున్నది. కాని చెల్లింపలేని దరిద్రుడొకడు ప్రతివాదులలో నున్నచో వాని భాగపు నష్టము బాధితుని నెత్తిన పడునను భయమును ఈ మార్గముతో చేర్చి చూచునపుడు, మన దేశపు రహదారులపై బీమా లేని వాహనముల సంగతి జ్ఞప్తికి రాక మానదు. ఇది మనకు పనికివచ్చు మార్గము కాదు.

ఇక నష్టపూర్తి విషయమున ఒక్క వ్యాజ్యమును స్మరింపక విడువరాదు. 1957 నాటి లిస్టర్ వర్సెస్ రామ్‌ఫర్డ్ ఐస్ వ్యాజ్యమున, లారీని వెనుకకు నడుపుచు ఒక కుమారుడు తనతోడి పనివాడైన తండ్రిని గాయపరచెను. యజమాని పక్షమున పరిహారము చెల్లించిన బీమా కంపెనీ, యజమాని పేరిటనే ఆ కుమారునిపై నష్టపూర్తికై వ్యాజ్యము నడపి, ప్రభువుల సభలో మువ్వురకు ఇరువురు వ్యతిరేకముగ గెలిచెను. తర్కమునకు లోపము లేదు: పనివాడు జాగ్రత్తగ పనిచేయుట ఒప్పందములోని భాగము, దానిని మీరినవాడు నష్టమును భరింపవలెను. కాని ప్రీమియములు వసూలు చేసికొన్న సంస్థ ఆ భారమును జీతగాని జేబుమీదికి నెట్టుట లోకమునకు రుచింపలేదు. బీమా సంస్థలే లజ్జించినవో, శాసనమునకు జంకినవో, కుట్రయో బుద్ధిపూర్వకమైన దుష్కృత్యమో ఉన్నగాని అట్టి హక్కును ప్రయోగింపమని తమలో తా మొడంబడిక చేసికొన్నవి. గెలిచిన పక్షమే తన విజయమును వాడుకొన సాహసింపని తీర్పు ఇంతకుమించి మరియొకటి నేనెరుగను.

మన దేశమునకు వత్తము. మన ప్రాచీన స్మృతికారులకు ఈ భావములు కేవలము అపరిచితములు కావు. యాజ్ఞవల్క్యుడు సంభూయసముత్థాన ప్రకరణమున, కలిసి వర్తకము చేయువారిలో ఒకడు నిషిద్ధమైన పనివలననో, ప్రమాదమువలననో నష్టము కలిగించినచో వాడే దానిని పూరింపవలెనని విధించియున్నాడు. అది భాగస్వాముల వ్యవహారమే గాని అన్యులకు చేసిన అపకృత్యము కాదు. కావున పోలికను ఇంతకుమించి సాగదీయరాదు. ఆంగ్లేయుల పాలనలో మన న్యాయస్థానములు 'న్యాయము, సమత, మనస్సాక్షి' అను సూత్రము క్రింద, మన పరిస్థితులకు తగినంతవరకు ఆంగ్లన్యాయమును అనుసరించినవి. ఆ 'తగినంతవరకు' అను మాటయే మనకు మేలు చేసినది. మెర్రీవెదర్ సూత్రము ఇచ్చట వర్తించునా యని 1942లో నాగపూరు హైకోర్టు శంకించినది. 1951 నాటి ధరణీధర్ వర్సెస్ చంద్రశేఖర్ తీర్పున అలహాబాదు హైకోర్టు దానిని వర్తింపజేయ నిరాకరించినది. పుట్టినదేశమున శాసనముచే చచ్చిన సూత్రమును మనము మోయనక్కరలేదనుట సమంజసమే. అయినను 1935, 1978 శాసనముల వంటిది మన పార్లమెంటు ఏదియు చేయలేదు.

మోటారు ప్రమాదముల రంగమున సుప్రీముకోర్టు కొంత వెలుగు ప్రసరింపజేసినది. బాధితుని స్వంత అజాగ్రత్తకును, ఇరువు రన్యుల కలసిన అజాగ్రత్తకును గల భేదమును 2008లో, మన ఆంధ్రప్రదేశ్ రోడ్డు రవాణా సంస్థ కక్షిదారుగ నున్న ఒక అప్పీలున గూడ, అది వివరించెను. 2015 నాటి ఖేన్యేయి వర్సెస్ న్యూ ఇండియా అష్యూరెన్స్ తీర్పున త్రిసభ్య ధర్మాసనము మరింత ముందునకు నడచెను. కలసిన అజాగ్రత్తయందు బాధితుడు ఎవనివద్దనైనను మొత్తమును రాబట్టుకొనవచ్చును. ఇరుపక్షములును కక్షిదారులై, సాక్ష్యము చాలినంత యున్నచో, ఎవరి పా లెంతయో ట్రిబ్యునలు నిర్ణయింపవచ్చును. చెల్లించినవాడు ఆ తీర్పు అమలులోనే రెండవవానినుండి తన మిగులును రాబట్టుకొనవచ్చును. రెండవవాడు కక్షిదారు కానిచో, వాని పరోక్షమున వాని పాలు తేల్చుట తగదు. చెల్లించినవాడు డిక్రీ యనంతరము వేరుగ వ్యవహారము నడుపుకొనవలెను. ఇది ఎంతయు స్పష్టమైన తీర్పు. కాని ఇందు ప్రతిచోటను 'డిక్రీ' యున్నది, 'తీర్పు' ఉన్నది. రాజీ లేదు.

మన జిల్లాలలో పరిహారపు కేసులెన్నియో నేడు లోక్ అదాలతులలో రాజీలచేతనే ముగియుచున్నవి. 1987 నాటి న్యాయసేవల శాసనము క్రింద లోక్ అదాలతు అవార్డునకు డిక్రీతో సమానమైన బలము కలదు. దానిపై అప్పీలు లేదు. కాని లోక్ అదాలతు తీర్పు చెప్పు సంస్థ కాదనియు, పక్షముల ఒడంబడికను నమోదు చేయుటయే దాని పనియనియు 2008లో సుప్రీముకోర్టు జాలోర్ సింగ్ వ్యాజ్యమున తెలిపియున్నది. కాన బస్సు సంస్థ బాధితునితో అచ్చట రాజీపడి మొత్తమును చెల్లించినచో, ఆ అవార్డులో లారీ చోదకుని అజాగ్రత్తనుగూర్చి ఒక్క అక్షరమైన నుండదు. ఉన్నను, అచ్చట లేని లారీ యజమానిని గాని, వాని బీమా కంపెనీని గాని అది బంధింపదు. వేరు వ్యాజ్యము వేసినపుడు ఇరుపక్షముల తప్పును మొదటినుండి ఋజువు చేయవలసియుండును. స్టాట్ వ్యాజ్యమున బస్సు కంపెనీ పడిన అవస్థయే మరల మన ముంగిట నిలుచును.

కాంట్రాక్టు చట్టపు 69వ సెక్షనును ఆశ్రయింపవచ్చునని కొందరందురు. అన్యుడు చట్టరీత్యా చెల్లింపవలసిన సొమ్మును, అందు తనకు ప్రయోజనము గలవాడు చెల్లించినచో తిరిగి పొందవచ్చునని అది చెప్పును. కాని అన్యుడు 'చట్టరీత్యా' చెల్లింపవలసినవాడని తేలుటయే ఇచ్చటి వివాదము. పైగా చెల్లించినవాడు తానును స్వయముగ బాధ్యుడు. ఈ సెక్షను భుజముపై ఇంత బరువు నుంచుట క్షేమము కాదు. ఒప్పందపు నష్టపూర్తి యున్నచోట మాత్రము మన చట్టము ఎవ్వరికిని తీసిపోదు. 125వ సెక్షను ప్రకారము, హామీ పొందినవాడు వ్యాజ్యమున చెల్లించిన పరిహారమును, ఖర్చులను మాత్రమే గాక, రాజీవలన చెల్లించిన సొమ్మును గూడ కోరవచ్చును. ఆ రాజీ హామీదారుని ఆజ్ఞలకు విరుద్ధము కాక, అట్టి హామీ లేకున్నను వివేకి చేసికొనదగిన రాజీయై యుండిన చాలును. అద్దెబస్సు నడపు యజమానికిని రవాణా సంస్థకును, ఆసుపత్రికిని బయటి వైద్యునకును నడుమ ఇట్టి షరతు వ్రాతమూలకముగ నున్నచో, రాజీపడినవాని మార్గము సుగమము. బాధితుడు వైద్యులను వ్యక్తులుగ చేర్చకున్నను ఆసుపత్రి బాధ్యత తప్పదని 2004లో సవితా గర్గ్ తీర్పున సుప్రీముకోర్టు చెప్పినది గనుక, ఆసుపత్రులకు ఈ షరతు మిక్కిలి యవసరము.

రాజీ కుదుర్చుకొనబోవు ప్రతివాది తరఫు వకీలు అంతకు పూర్వము చేయదగిన పనులు కొన్ని కలవు. రెండవపక్షమునకు నోటీసిచ్చి రాజీ చర్చలకు రమ్మని పిలువవలెను. రాకున్నచో ఆ రాకపోవుటయే పిమ్మట సాక్ష్యము. మద్రాసు హైకోర్టు సివిలు ప్రొసీజరు కోడునకు చేర్చిన ఎనిమిది-ఏ క్రమము వంటి మూడవపక్ష విధానము అందుబాటున నున్నచోట రెండవవానిని వ్యాజ్యమునకే రప్పింపవలెను. రాజీపత్రమున బాధితుని హక్కు అందరిపైనను తీరినదని స్పష్టముగ వ్రాయింపవలెను; లేనిచో బాధితుడు మరల రెండవవానిపైకి పోవుటయు, వాడు మొదటివానిని నిందించుటయు సంభవించును. ఆసుపత్రి బిల్లులు, పోలీసు పంచనామా, వాహన తనిఖీ నివేదిక చేతనుంచుకొనవలెను. సొమ్ము చెల్లించిన తేదీని మరువరాదు. మన గడువు సామాన్యముగ మూడేండ్లు.

ఇంత జాగ్రత్త పడినను ఫలము నిశ్చయము కాదు. ఆ అనిశ్చయమే రాజీని వెనుకకు లాగుచున్నది: మొత్తము చెల్లించినచో వంతు తిరిగి వచ్చునను ధైర్యము లేని బీమా అధికారి, తీర్పు వచ్చువరకు వ్యాజ్యమును సాగదీయుటయే క్షేమమని తలచును, ఆ సాగదీతకు మూల్యము చెల్లించువాడు గాయపడినవాడు. 1978 నాటి ఆంగ్లశాసనపు ఆ యొక్క ఉపవిభాగమును, బాధితుని హక్కు సంపూర్ణముగ తీరియుండవలెనను అమెరికా నియమముతో జోడించి మన దేశమున శాసించినచో ఈ చిక్కు విడిపోవును. దానికై ఢిల్లీవైపే చూచుచుండ నక్కరలేదు. అభియోగార్హమైన అపకృత్యములు రాజ్యాంగపు ఏడవ షెడ్యూలు ఉమ్మడి జాబితాలో 8వ అంశముగ నున్నవి. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ శాసనసభలు రెండింటికిని ఈ శాసనము చేయు నధికారము నేడును కలదు.